పాఠ్యపుస్తకంలో కదిలే బొమ్మ

జీవశాస్త్రం పుస్తకంలో గుండె బొమ్మ ఎంత బాగా వేసినా అది కదలదు. ఏ కవాటం ఎప్పుడు తెరుచుకుంటుందో, ఎప్పుడు మూసుకుంటుందో బాణం గుర్తులు చూసి పిల్లలే ఊహించుకోవాలి. ఒక్క నిమిషం వీడియో ఉంటే ఆ తిప్పలు తప్పుతాయి. మరి కాగితం మీదికి వీడియోను తెచ్చేదెట్లా? లింగాల లాంటి పల్లె బడిలోనైనా, విజయవాడ బడిలోనైనా సర్కారు పాఠ్యపుస్తకాల్లో కనిపించే నల్లగళ్ల చతురస్రం, అంటే క్యూఆర్ కోడ్, అందుకు దొరికిన దారి.

అది పుట్టింది చదువు కోసం కాదు, కార్ల విడిభాగాల లెక్క కోసం. జపాన్‌లో టొయోటా బృందానికి చెందిన డెన్సో కంపెనీ పెట్టెల మీద బార్‌కోడ్‌లు అంటించేది. ఒక్కోదాంట్లో ఇరవై అక్షరాలకు మించి పట్టేవి కావు. దాంతో ఒకే పెట్టెకు బోలెడన్ని అంటించి, కార్మికులు ఒక్కొక్కటే స్కాన్ చేసేవారు. మసహిరో హారా అనే ఇంజనీరు 1994లో అడ్డంగానే కాక నిలువుగా కూడా సమాచారం నింపే కోడ్ తయారుచేశారు. ఇందులో 7,089 అంకెల దాకా పడతాయి.

కోడ్ మూడు మూలల్లోని చిన్న చతురస్రాల కథ మరీ ముచ్చటైనది. చుట్టూ ఎంత అచ్చు ఉన్నా కోడ్ ఎక్కడుందో యంత్రం ఇట్టే పట్టుకోవాలి. అందుకని హారా బృందం పత్రికలు, కరపత్రాలు, అట్టపెట్టెలు తిరగేసి, అచ్చులో నలుపు తెలుపులు ఏ నిష్పత్తిలో అతి అరుదుగా వస్తాయో వెతికింది. తేలిన జవాబు 1:1:3:1:1. ఆ చతురస్రం మధ్య నుంచి ఎటు గీత గీసినా ఇదే నిష్పత్తి వస్తుంది. అందుకే ఫోన్‌ను ఏ వైపు తిప్పి పట్టుకున్నా కోడ్ చదవగలదు. చెరిగిన భాగాన్ని తిరిగి రాబట్టే దిద్దుబాటు గణితాన్ని గరిష్ఠ స్థాయిలో వాడితే 30 శాతం దాకా చెరిగినా పనిచేస్తుంది. సంచీలో నలిగే పుస్తకానికి ఇంతకంటే ఏం కావాలి!

మన దేశంలో 2017 సెప్టెంబర్ 5న అప్పటి ఉపరాష్ట్రపతి ఎం. వెంకయ్యనాయుడు ‘దీక్ష’ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికను ప్రారంభించారు. పాఠ్యపుస్తకాల్లోని కోడ్‌లు అక్కడికే తీసుకెళతాయి. కోడ్‌లో వీడియో ఉండదు, దాని చిరునామా మాత్రమే ఉంటుంది. వీడియో బాగాలేకపోతే పుస్తకం మళ్లీ అచ్చువేయకుండానే మంచిది పెట్టుకోవచ్చు. కెమెరా మొరాయిస్తే కోడ్ కింద ఉన్న ఆరు అక్షరాలు టైపు చేసినా చాలు.

పల్లె బడికి వీడియో పాఠం కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా, ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు టీవీ పాఠాలు అందాయి. తెలుగులోనూ వచ్చాయి. గొప్ప ప్రయత్నమే. కాకపోతే అవి వచ్చే వేళకే చూడాలి, అర్థం కాకపోతే వెనక్కి తిప్పే వీలు లేదు. పుస్తకంలోని పాఠం పక్కకు వీడియో చేరడం వల్ల కలిగిన అసలు లాభం ఇక్కడే ఉంది. ఎక్కడ అనుమానం వచ్చిందో అక్కడే ఆపి, నాలుగుసార్లయినా చూసుకునే అధికారం విద్యార్థి చేతికొచ్చింది.

ఆ వీడియో పొట్టిగా ఉండాలి. ఎడ్‌ఎక్స్ ఆన్‌లైన్ కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను పరిశీలించి ఫిలిప్ గువో బృందం 2014లో ప్రచురించిన అధ్యయనం కూడా ఆరు నిమిషాల లోపు వీడియోలనే విద్యార్థులు శ్రద్ధగా చూస్తారని తేల్చింది. గంట ఉపన్యాసాన్ని రికార్డు చేసి కోడ్ తగిలిస్తే పిల్లలు చూడరు.

వీడియో పొట్టిగా ఉన్నా చూడటానికి ఫోన్ కావాలి. చీనీ తోటల లింగాల మండలంలో ఇంటికి ఒకటే ఫోన్ ఉండి, అది నాయన జేబులో తోటకు వెళ్తే బిడ్డకు కోడ్ ఉన్నా లేనట్టే. నెట్ ఇబ్బందికైతే దారి ఉంది: దీక్ష యాప్‌లో పాఠాన్ని ఒకసారి దించుకుంటే తర్వాత నెట్ లేకున్నా నడుస్తుంది. ఇక పిల్లల చేతిలో పరికరం విషయానికొస్తే, 2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చినప్పుడు పాఠాలను ముందే వాటిలో నింపి ఇచ్చింది.