పాన్‌దాన్: పేరులో మిగిలిన హక్కు

పాత ఇల్లు విడిచి అపార్ట్‌మెంటుకు మారే కుటుంబాలు ముందుగా వదిలించుకునే వస్తువులలో పాన్‌దాన్ ఒకటి. దాదీమా జహేజులో తెచ్చుకున్న ఆ గుమ్మటం మూత పెట్టె పాత సామాను కొనేవారి తక్కెడలో ఇత్తడిగానో, రాగిగానో తూకానికి పోతుంది. అదృష్టం బాగుంటే హాలులోని అద్దాల బీరువాలోకి చేరి అలంకారంగా మిగులుతుంది. తూకానికి పోయినా, బీరువాలో నిలిచినా ఆ పెట్టె ఏమి మోసిందో ఇంటి పిల్లలకు తెలియదు. దక్కన్ పనివారి నైపుణ్యానికీ, ముస్లిం ఇళ్లలోని ఆతిథ్య మర్యాదకూ, అన్నిటికీ మించి స్త్రీకి తనదంటూ ఉండిన సొమ్ముకూ అది సాక్షి.

పెట్టెలో ఒక చిన్న సంసారం

పాన్‌దాన్‌లు గుండ్రంగానో, ఎనిమిది పలకలుగానో ఉంటాయి. మూత తెరిస్తే పైన ఒక పళ్లెం, అందులో మూతలున్న చిన్న చిన్న గిన్నెలు. ఒకదానిలో సున్నం, ఒకదానిలో కాచు, మిగిలినవాటిలో వక్కలు, ఏలకులు, లవంగాలు. పళ్లెం ఎత్తితే అడుగు అరలో తడిగుడ్డలో చుట్టిన తమలపాకులు. పక్కనే అడకత్తెర. చుట్టిన కిళ్లీలను అతిథులకు అందించడానికి ఖాస్‌దాన్, ఉమ్మడానికి ఉగాల్‌దాన్ వేరుగా ఉండేవి.

ఈ సరంజామా అంతా ఇంటి పెద్ద ఇల్లాలి అధీనంలో ఉండేది. ఎవరు వచ్చినా ఆమె చేతి పాన్ అందుకోకుండా వెళ్లడం మర్యాద కాదు. ఆ పెట్టె ఎప్పుడూ ఆమె చేతికందే దూరంలోనే ఉండేది గనుక తాళంచెవులు, చిల్లర డబ్బులు కూడా అందులోకే చేరేవి. ఇంట్లో మరెవరూ అడగకుండా చేయి పెట్టని స్థలం అది.

నల్లని లోహం, వెండి తీగ

సామాన్య కుటుంబాలలో కళాయి పూసిన రాగి, ఇత్తడి పాన్‌దాన్‌లు ఉండేవి. కలిగిన ఇళ్లలో బీద్రీ పనితనపు పెట్టెలు కనిపించేవి. ఈ కళకు పేరునిచ్చిన బీదర్ ఒకప్పుడు బహమనీ సుల్తానుల రాజధాని, తరువాత బరీద్‌షాహీల రాజధాని. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో ఉండి, రాష్ట్రాల పునర్విభజనలో నేటి కర్ణాటకలోకి వెళ్లింది. హైదరాబాదు నగరంలోనూ ఈ పని చేసే కుటుంబాలున్నాయి. సాలార్‌జంగ్ మ్యూజియంలో పాత బీద్రీ వస్తువులను నేటికీ చూడవచ్చు.

బీద్రీ వస్తువుకు మూలం జింకు. అందులో కొద్దిపాళ్లు రాగి కలిపి కరిగించి, మట్టి అచ్చులో పోత పోస్తారు. పోత వస్తువును ఆకురాయితో నునుపు చేసి, మైలుతుత్తం ద్రావణం పూసి తాత్కాలికంగా నల్లబరుస్తారు. ఆ నలుపు మీద పనివాడు మొనదేలిన పనిముట్టుతో తీగలు, పూలు గీస్తాడు. గీతల వెంట ఉలితో సన్నని గాడులు చెక్కి, వాటిలో వెండి తీగనో, వెండి రేకునో సుత్తితో కొట్టి కూర్చుతాడు. తీగపనిని తార్‌కషీ అనీ, రేకుపనిని తహ్‌నిషాన్ అనీ అంటారు.

చివరి ఘట్టమే ఈ కళకు ప్రాణం. వస్తువును కొద్దిగా వేడిచేసి, బీదర్ కోటలోని పాత మట్టిని, నవాసారాన్ని నీటితో కలిపిన ముద్దతో రుద్దుతారు. లోహం శాశ్వతంగా నల్లబడుతుంది, వెండి మాత్రం నల్లబడక తెల్లగా మెరుస్తుంది. ఏ మట్టి అయినా పనికిరాదని, ఎండావానలు సోకని కోట చీకటి భాగాల మట్టే కావాలని పనివారు చెబుతారు. మట్టిని నాలుక మీద వేసుకొని రుచి చూసి ఎంపిక చేసే అనుభవజ్ఞులూ వారిలో ఉన్నారు. 2006లో బీద్రీకి భౌగోళిక గుర్తింపు లభించింది. 2023లో బీదర్‌కు చెందిన కళాకారుడు షాహ్ రషీద్ అహ్మద్ ఖాద్రీని ప్రభుత్వం పద్మశ్రీతో సత్కరించింది.

పాన్‌దాన్ ఖర్చు

ఈ పెట్టె పేరు న్యాయశాస్త్ర గ్రంథాలలోకి కూడా ఎక్కింది. గొప్ప ముస్లిం కుటుంబాలలో, ముఖ్యంగా ఉత్తర హిందూస్థానంలో, వివాహ సమయంలో వధువుకు ‘ఖర్చె పాన్‌దాన్’ పేరిట కొంత సొమ్ము నిర్ణయించే ఆచారం ఉండేది. పేరుకు అది తమలపాకుల ఖర్చు. నిజానికి భార్య తన ఇష్టం మేరకు, ఎవరికీ లెక్క చెప్పకుండా వాడుకొనే స్వంత సొమ్ము. మెహర్ వేరు, ఇది వేరు.

1877 అక్టోబరు 25న ఖ్వాజా ముహమ్మద్ ఖాన్ అనే పెద్దమనిషి తనకు కాబోయే కోడలి తండ్రికి ఒక పత్రం రాసి ఇచ్చాడు. తన కుమారునితో వివాహమయ్యే హుసైనీ బేగంకు నెలకు 500 రూపాయలు ఖర్చె పాన్‌దాన్‌గా ఇస్తానని, అందుకు కొన్ని ఆస్తులు పూచీ అని అందులో ఉంది. వధూవరులిద్దరూ మైనర్లు కావడంతో ఒప్పందం పెద్దల మధ్యనే జరిగింది. కొన్నేళ్ల కాపురం తరువాత మనస్పర్థలు వచ్చి ఆమె భర్త ఇల్లు వీడింది. బకాయి పడిన సొమ్ము కోసం మామగారిపై దావా వేసింది. ‘ఒప్పందంలో ఆమె భాగస్వామి కాదు, పైగా ఇల్లు విడిచి వెళ్లింది’ అన్నది మామగారి వాదన.

అలహాబాదు హైకోర్టు ఆమె పక్షాన తీర్పునివ్వగా, ఆయన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కు వెళ్లాడు. 1910లో అక్కడా హుసైనీ బేగమే గెలిచింది. ఒప్పందం ఆమె కోసమే జరిగింది గనుక దాన్ని అమలు చేయమని కోరే హక్కు ఆమెకు ఉందని, భర్త ఇంట ఉంటేనే చెల్లిస్తామన్న షరతు పత్రంలో లేదని కౌన్సిల్ తేల్చింది. ఆ తీర్పును వెలువరించినవారు ప్రివీ కౌన్సిల్ న్యాయ సంఘంలో తొలి భారతీయ సభ్యుడు సయ్యద్ అమీర్ అలీ. ఒప్పందంలో పాలుపంచుకోని వ్యక్తి హక్కు గురించి న్యాయ విద్యార్థులు నేటికీ ఈ కేసును చదువుతారు.

ఇందులో మనకు పాఠముంది. నెలకు 500 రూపాయలు ఆనాటి సంపన్నుల మాట. కాని స్త్రీకి తనదంటూ కొంత సొమ్ము ఉండాలన్న సూత్రం ధనికులకే పరిమితం కాదు. నికాహ్ వేళ ఒప్పుకున్న షరతులను నెరవేర్చడం అన్నిటికన్నా ముఖ్యమన్నది దైవప్రవక్త (స) బోధ. హుసైనీ బేగంను కాపాడింది మామగారి సుహృద్భావం కాదు, రాతలో ఉన్న మాట. మన ఆడపిల్లల నికాహ్‌నామాలో మెహర్‌తోపాటు ఇరుపక్షాలూ అంగీకరించిన ఇతర షరతులను కూడా స్పష్టంగా రాయించడం పెద్దల బాధ్యత.

ఇంట్లో ఉన్న పెట్టెను కాపాడుకోవడం

బీద్రీ పెట్టెను చింతపండు, నిమ్మరసం, బూడిద, ఇత్తడి తోమే పొడులతో రుద్దరాదు. నలుపు పోతే పనివాడే మళ్లీ తేవాలి. మెత్తని పొడిగుడ్డతో తుడిచి, అప్పుడప్పుడు ఒకటి రెండు చుక్కల కొబ్బరినూనె పలుచగా పూస్తే చాలు. తేమ తగలని చోట ఉంచాలి. కళాయి పోయిన రాగి, ఇత్తడి గిన్నెలలో మళ్లీ కళాయి వేయించేదాకా తినే పదార్థాలు ఉంచరాదు. బీద్రీ పెట్టెలోనూ తినుబండారాలు నేరుగా వేయకపోవడమే మంచిది.

గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్న బంధువులు ఇలాంటి వస్తువులను వెంట తీసుకెళ్లాలనుకుంటే ఒక నియమం గుర్తుంచుకోవాలి. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన ఇలాంటి కళావస్తువులను వ్యక్తులు దేశం దాటించరాదు. వయసుపై సందేహముంటే భారత పురావస్తు శాఖను ముందే సంప్రదించాలి.

దాదీమా మరణానంతరం పాన్‌దాన్ ఎవరిదన్న ప్రశ్నా వస్తుంది. జహేజులో వచ్చిన వస్తువు ఆమె స్వంత ఆస్తి. ఆమె తరువాత అది వారసులందరిదీ అవుతుంది. ముందుగా చేతికందినవారు పట్టుకుపోవడం న్యాయం కాదు. విలువ కట్టించి, అందరి సమ్మతితో ఒకరికి అప్పగించి, మిగిలినవారి వాటా సర్దుబాటు చేయడం మేలు.

పెట్టె ఉండనీ, వక్క పోనీ

పెట్టెను కాపాడుకోవడమంటే అలవాటును కూడా కాపాడుకోవడమని అర్థం కాదు. వక్క క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లో వెలువరించిన నివేదికలో నిర్ధారించింది. పొగాకు కలిస్తే ముప్పు మరింత. తమలపాకులకు బదులు సూదీదారాలు, అత్తరు సీసాలు, తస్బీహ్, పాత ఉత్తరాలు ఆ అరలలో చక్కగా ఇముడుతాయి.

అన్నిటికన్నా తగినది మరొకటుంది. ఇంటి ఇల్లాలు తన సొమ్మును తన ఇష్టప్రకారం దాచుకోవడానికి ఆ పెట్టెను ఆమెకే వదలడం, అందులో ఎంత ఉందని ఎవరూ అడగకపోవడం. ఖర్చె పాన్‌దాన్ అన్న మాటకు అసలు అర్థం అదే.