చిన్న కారు, పెద్ద దమ్ము: కొనేముందు ఇంజనును చూడడం ఎలా?

ఎద్దుల జతను కొనడానికి సంతకు వెళ్లిన పూర్వపు రైతు రంగు చూసి మురిసిపోయేవాడు కాదు. నోరు తెరిపించి పళ్లు లెక్కపెట్టేవాడు. సుడులు చూసేవాడు. నాలుగడుగులు నడిపించి గిట్టలు పరీక్షించేవాడు. బండికి కట్టి, బరువు వేసి లాగించిన తరువాతనే తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరం మొదలుపెట్టేవాడు. ఆ రైతు మనుమడు ఇవాళ ఆరేడు లక్షలు పెట్టి పాత కారు కొంటూ, రంగూ, చక్రాల మెరుపూ, పాటలు పాడే టచ్ స్క్రీనూ చూసి బయానా ఇచ్చేస్తున్నాడు. ఎద్దుకు చేసిన పరీక్ష కారుకు అక్కరలేదా?

అందులోనూ టర్బో బిగించిన చిన్న కార్ల విషయంలో ఈ తొందర అసలే పనికిరాదు. కుర్రవాళ్లు వీటిని ‘హాట్ హ్యాచ్’ అంటారు. వెనుక తలుపు అద్దంతో సహా పైకి లేచే చిన్న కారు హ్యాచ్‌బ్యాక్. దానికి మామూలును మించిన దమ్మున్న ఇంజను పెడితే అది హాట్ హ్యాచ్. మన దేశంలో 2013లో ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ 105 అశ్వశక్తితో వచ్చింది. 2015లో అబార్త్ పుంటో 145తోనూ, 2017లో మారుతీ బాలెనో ఆరెస్ 102తోనూ, 2021లో హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ 120తోనూ, 2024లో టాటా ఆల్ట్రోజ్ రేసర్ 120తోనూ వచ్చాయి. వీటిలో మొదటి మూడూ ఇప్పుడు కొత్తవి దొరకవు. బాలెనో ఆరెస్ 2020లో ఆగింది, పోలో 2022లో ఆగింది. కనుక వాటి మీద మనసు పడ్డవాడు చేతులు మారిన బండినే కొనవలసి వుంటుంది. చేతులు మారిన బండి అంటే, మనకు తెలియని మరొకడి కాలు తొక్కిన బండి అన్నమాట.

టర్బో అంటే ఏమిటో ముందు రెండు మాటల్లో చెప్పుకుందాం. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకీ 1905లో పేటెంటు తీసుకున్న ఆలోచన ఇది. ఇంజను బయటకు వదిలేసే వేడి వాయువు వూరికే పోకుండా ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన వున్న మరో చక్రం బయటిగాలిని పీల్చి, నొక్కి, సిలిండర్లలోకి నెడుతుంది. గాలి ఎక్కువ వెళితే పెట్రోలు ఎక్కువ మండుతుంది. అందుచేత ఒక లీటరు ఇంజను లీటరున్నర ఇంజను చేసే పని చేస్తుంది.

వినడానికి బాగానే వుంది. కాని ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. దాని మీదుగా పోయే వాయువు వేడి తొమ్మిది వందల డిగ్రీల దాకా వెళుతుంది. అంత వేగాన్నీ, అంత వేడినీ కాసే ఇరుసుకు ఆధారం ఒక పలుచని ఆయిలు పొర. ఆ ఆయిలు పాతబడినా, తగ్గినా, వేడికి మాడి నాళాల్లో బొగ్గు కట్టినా టర్బోకు ఆయువు మూడినట్టే. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగిలినదంతా సులువు. టర్బో ఇంజను నమ్మదగినదా కాదా అనేది కంపెనీ పేరు చెప్పదు, అశ్వశక్తి చెప్పదు. ఇన్నాళ్లూ దానికి ఏ ఆయిలు, ఎప్పుడు పోశారో అదే చెబుతుంది.

ఈ మధ్య మా అక్కయ్య కొడుకు ఇలాంటి బండి కోసం నన్ను వెంటబెట్టుకుని తిరిగాడు. వాడికి కాకినాడలో వుద్యోగం. “మావయ్యా, పాలిటెక్నిక్కులో ఇన్నేళ్లు ఇంజన్ల పాఠం చెప్పారు గదా, మీరొక్కసారి వచ్చి చూడండి,” అన్నాడు. ఆ రాత్రే అక్కయ్య వేరేగా ఫోను చేసింది. “ఒరేయ్ తమ్ముడూ, అందులో మూడు లక్షలు కొబ్బరితోట కౌలు డబ్బురా. వాడి మొహం చూసి మాత్రం బాగుందని చెప్పకు,” అంది. రాజమండ్రిలో ఒక ఎర్ర కారు, అమలాపురంలో ఒక తెల్ల కారు చూశాం. కంపెనీల పేర్లు ఇక్కడ అనవసరం. ఎర్రది 38,000 కిలోమీటర్లు తిరిగింది, తళతళలాడుతోంది. తెల్లది 72,000 తిరిగింది, బంపరు మీద గీతలున్నాయి. మావాడి కళ్లు సహజంగానే ఎర్రదాని మీదే వున్నాయి.

మొదటి పరీక్ష కాగితాలది. ఏడాదికోసారి, లేదా కంపెనీ పుస్తకంలో రాసినన్ని కిలోమీటర్లకు, ఏది ముందైతే అప్పుడు ఆయిలు మార్చిన బిల్లులుండాలి. బిల్లులో ఆయిలు రకం కూడా చూడాలి. పెట్రోలును నేరుగా సిలిండరులోకి చిమ్మే చిన్న టర్బో ఇంజన్లను తక్కువ వేగంలో, పెద్ద గేరులో గట్టిగా తొక్కితే, నిప్పురవ్వ రాకముందే లోపలి మిశ్రమం అంటుకునే జబ్బు ఒకటి వుంది. అది ముదిరితే పిస్టను పగులుతుంది. దాన్ని అరికట్టేందుకే 2018లో ఏపీఐ ఎస్‌ఎన్ ప్లస్ అనీ, 2020లో ఎస్‌పీ అనీ కొత్త ఆయిలు ప్రమాణాలు వచ్చాయి. చవక ఆయిలు పోసి ఆదా చేసుకున్నవాడి బండిని మనం ఖరీదుకు కొనకూడదు.

ఎర్ర కారుకు మొదటి రెండేళ్ల బిల్లులే వున్నాయి. “ఆయ్, తరువాత తెలిసిన మేస్త్రీ దగ్గరే చేయించానండి. బిల్లులు ఎవరు దాస్తారండీ?” అన్నాడు అమ్మే ఆయన. తెల్ల కారు ఆసామి మాత్రం బిల్లులన్నీ ఒక సంచిలో తెచ్చి ముందు పెట్టాడు. ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఏమి మార్చిందీ పెన్సిలుతో డైరీలో రాసుకున్నాడు.

రెండో పరీక్ష చల్లని ఇంజనుది. “మేము వచ్చేదాకా స్టార్టు చేయవద్దు” అని ముందుగానే చెప్పాలి. వెళ్లగానే బానెట్టు మీద చెయ్యి వేసి చూడాలి. రాత్రంతా నిలిచిన ఇంజను స్టార్టయిన మొదటి రెండు మూడు క్షణాల్లోనే తన రోగం చెబుతుంది. టైమింగ్ చైను సాగితే గలగలమంటుంది. నీలిపొగ వస్తే ఆయిలు మండుతున్నట్టు. తెల్లపొగ ఎంతకీ తగ్గక, తీపివాసన వేస్తే కూలెంటు సిలిండరులోకి దిగుతున్నట్టు. పొద్దుటిపూట కాసేపు కనిపించే నీటిఆవిరిని చూసి మాత్రం భయపడనక్కరలేదు. ఇంజను నిలకడ లేకుండా వణికితే వాల్వుల మీద మసి పేరుకుందేమో అడగాలి. నేరుగా చిమ్మే పద్ధతిలో పెట్రోలు ఆ వాల్వులను కడగదు గనుక వాటికి ఈ బెడద ఎక్కువ. ఎర్ర కారు బానెట్టు మేము వెళ్లేసరికే వెచ్చగా వుంది. “మీరొస్తున్నారని ఒక రౌండు తిప్పానండి,” అన్నాడాయన.

మూడో పరీక్షకు అరచేతిలో పట్టే పరికరం చాలు. ఓబీడీ రీడరు అంటారు. స్టీరింగు కింది సాకెట్టులో గుచ్చితే ఇంజను తన తప్పులను సెల్‌ఫోనులో చూపిస్తుంది. తప్పులేమీ కనిపించలేదని అప్పుడే సంతోషించకండి. అమ్మేముందు వాటిని చెరిపివేయవచ్చు. అలా చెరిపితే ఇంజను తన్ను తాను పరీక్షించుకునే జాబితా కూడా మొదటికి వస్తుంది. దాన్ని ‘రెడీనెస్’ అంటారు. బండి కొన్నాళ్లు తిరిగితేగాని అది పూర్తి కాదు. ఎర్ర కారులో ఆ జాబితా సగానికి పైగా ఖాళీ. బ్యాటరీ విప్పినా ఇలాగే అవుతుంది కాబట్టి ఇది నేరాన్ని రుజువు చేయదు. అడగవలసిన ప్రశ్నను మాత్రం చూపిస్తుంది.

నాలుగోది బరువు పరీక్ష. మన డెల్టా బల్లపరుపు నేల. కాలవగట్టు మీద నలభై కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఏదైనా మంచిదిగానే కనిపిస్తుంది. అమ్మేవాడు ఒప్పుకుంటే మారేడుమిల్లి ఘాటు ఎక్కించడం కంటే మంచి పరీక్ష లేదు. లేకపోతే రావులపాలెం వైపు జాతీయ రహదారి చాలు. ఇంజను బాగా వేడెక్కాక, దారి ఖాళీగా వున్నచోట, మూడో గేరులో రెండువేల చుట్ల నుంచి నిలకడగా తొక్కాలి. లాగుడు ఒక్క తీరున పెరగాలి. మధ్యలో తటపటాయించినా, సన్నని ఈల పోయి సైరను కూత వినిపించినా అనుమానించాలి. వేడిముల్లు మధ్య నుంచి కదలకూడదు. వేసవిలో నలభై అయిదు డిగ్రీలు చూసే వూరు మనది. తరువాత ఆపి, రెండు నిమిషాలు నెమ్మదిగా ఆడనిచ్చి, ఒక్కసారి రేసు చెయ్యాలి. అప్పుడు నీలిపొగ గుప్పుమంటే వాల్వు సీళ్లో, టర్బో సీళ్లో అరిగాయని అర్థం.

అయిదోది నమ్మకమైన షెడ్డులో చేయించే కంప్రెషన్ పరీక్ష. ఎంత అంకె వచ్చిందన్న దాని కంటే, అన్ని సిలిండర్ల అంకెలూ దగ్గరగా వున్నాయా అనేది ముఖ్యం. టర్బో గొట్టం విప్పితే లోపల ఆయిలు తడి కొంచెం వుండడం సహజం. మడుగు కట్టి వుంటే సహజం కాదు. దమ్ము పెంచడానికి కంప్యూటరు ప్రోగ్రాము మార్పించారా, సైలెన్సరు గొట్టం మార్పించారా అని సూటిగా అడగాలి. కంపెనీ లెక్కగట్టిన బలాన్ని మించి గుంజిన ఇంజను ఆయువు గురించి ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఇక మన ప్రాంతానికి ప్రత్యేకమైన పరీక్ష నీళ్లది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి పాతిక లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకలు మునిగాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఇళ్ల ముందు నిలిపిన కార్లు మునిగిపోయాయి. మునిగిన కార్లన్నీ పాత ఇనుముకు పోవు; కడిగి, తుడిచి, వాసన చల్లి అమ్మేవి కొన్ని వుంటాయి. సిలిండరులో నీళ్లుండగా స్టార్టు చేస్తే నీరు నొక్కుడుపడదు గనుక కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. అది వెంటనే విరగక, కొన్నవాడి చేతిలో విరగవచ్చు. పూర్వం నంబరులో 05 వుంటే తూర్పు గోదావరి, 37 అయితే పశ్చిమ గోదావరి, 16 అయితే కృష్ణా అని చెప్పగలిగేవాళ్లం. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఒకే కోడు వచ్చింది కాబట్టి ఇప్పుడు నంబరు చూసి వూరు చెప్పలేం. సీటుబెల్టును చివరిదాకా లాగి మట్టి చార చూడండి. స్టెపినీ గుంటలో తుప్పు, సీటు పట్టాల కింద ఒండ్రు చూడండి. ఇన్సూరెన్సు కాగితంలో నో క్లెయిమ్ బోనసు చూడండి. అయిదేళ్లు క్లెయిమ్ చేయనివాడికి అది 50 శాతం దాకా పెరుగుతుంది. క్లెయిమ్ చేస్తే సున్నాకు పడుతుంది.

ఎర్ర కారు కాగితంలో సున్నా వుంది. బెల్టు అడుగున జానెడు మేర గోధుమరంగు చార వుంది. అది మునిగిందని నేను ప్రమాణం చేయలేను. కాని బిల్లులు లేకపోవడం, వెచ్చని బానెట్టు, ఖాళీ జాబితా, సున్నా బోనసు, ఈ చారా, అన్నీ ఒకచోట చేరాక ఇంక ప్రమాణంతో పనేముంది? మావాడు కాసేపు ముఖం ముడుచుకున్నాడు గాని తరువాత తనే “వద్దులెండి మావయ్యా” అన్నాడు.

తెల్లదాన్ని కొన్నాం. అరిగిన టైర్లకు, పగుళ్లిచ్చిన ఒక గొట్టానికి బేరంలో తగ్గించుకున్నాం. “డెబ్బై రెండు వేలు తిరిగిందంటే ముసలిది కాదట్రా?” అని అక్కయ్య అడిగింది. ఇది చాలామందికి వచ్చే సందేహమే. రోజూ రెండు మైళ్లు పోయి ఆగే బండిలో ఇంజను పూర్తిగా వేడెక్కదు. పెట్రోలు ఆయిలులో కలిసి దాన్ని పలుచన చేస్తుంది. రహదారి మీద నిలకడగా తిరిగి, వేళకు ఆయిలు తాగిన ఇంజనుకు డెబ్బై వేలు ముసలితనం కాదు.

మరి రెండు మాటలు. పెట్రోలులో ఇథనాల్ పాలు 2025 నాటికి 20 శాతానికి చేరింది. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన బండి అయితే, ఎంత శాతానికి తగినదో కంపెనీ పుస్తకంలో చూసి, రబ్బరు గొట్టాలనూ సీళ్లనూ పరీక్షించుకోవాలి. తయారీ ఆగిన బండి అయితే టర్బో విడిభాగం ధర ఎంత, ఎన్నాళ్లకు వస్తుంది అని బయానా ఇవ్వకముందే అడిగి రాసుకోవాలి. ఆ సొమ్ము విడిగా పక్కన పెట్టలేనివారు టర్బో లేని బండి కొనుక్కోవడం మేలు. అందులో చిన్నతనమేమీ లేదు.

కొన్న తరువాత చేయవలసింది కొంచెమే. దూరప్రయాణం చేసి వచ్చాక ఒక నిమిషం నెమ్మదిగా ఆడనిచ్చి ఇంజను ఆపండి. ఆయిలు గడువు దాటనివ్వకండి. ప్రతి బిల్లూ దాచండి. రేపు ఆ బండిని చూడడానికి మరో ఇంటి కుర్రవాడు వాళ్ల మావయ్యను వెంటబెట్టుకుని వస్తాడు. అతనికి మీరు చూపవలసినవి ఆ బిల్లులే.