ట్రాక్టరు నేర్చువారికి బెదురు తీరుట యెట్లు?

ఎద్దులను తోలిన చేతులకు ట్రాక్టరు స్టీరింగు పట్టగానే చెమట పట్టుటలో వింత లేదు. ఎద్దుకు తెలివి కలదు. మీరు ఏమరినను అది కాలువ గట్టు అంచున నిలిచిపోవును, అదలించిన ఆగును. ట్రాక్టరుకు గట్టు తెలియదు, మాట వినపడదు. ఆపువాడు మీరొక్కరే. ఈ సంగతి తెలిసి బెదరువానిని పిరికివాడని నవ్వుట తగదు. తెలియక ధీమాగా ఎక్కువానిని చూచియే మనము భయపడవలెను.

మన దేశములో తయారైన తొలి ట్రాక్టరు 1959లో ఫరీదాబాదు కర్మాగారమునుండి వెలువడినది. నేడు ట్రాక్టరు లేని గ్రామము అరుదు. అయినను ఇంట ట్రాక్టరు ఉండియు డ్రైవరు కొరకు ఎదురుచూచు కుటుంబములు ఎన్నియో కలవు. వాన పడిన తరువాత నల్లరేగడికి పదును వచ్చు దినములు కొద్ది. ఆ దినములలోనే అందరికిని దుక్కి కావలెను, అందరికిని డ్రైవరు కావలెను. పదును దాటినచో పెళ్లలు లేచును. మిరప నాటుటకు మరల రొటవేటరు తిప్పించి ఇంకొక కూలి యిచ్చుకొనవలెను. కనుక ఇంటిలో ఒక్కరైనను ట్రాక్టరు నేర్చుట ముచ్చట కొరకు కాదు.

నేర్చుటకు వేటపాలెము ప్రాంతము అనుకూలమైనది. 2022లో బాపట్ల జిల్లాలో చేరిన ఈ మండలములో సముద్రము వైపు ఇసుక నేలలు కలవు. వేరుసెనగ పీకిన పిదప ఖాళీగా నుండు విశాలమైన ఇసుక పొలములో, గట్టునకు దూరముగా, తొలి పాఠములు మొదలిడుడు. వానాకాలపు నల్లరేగడిలోను, కొమ్మమూరు కాలువ గట్టు మీదను తొలినాడే దిగవలదు. చీరాల మీదుగా ఒంగోలు పోవు 216వ నంబరు జాతీయ రహదారి మాట తరువాత.

సాధారణముగా ట్రాక్టరు నడుపుట నేర్పువారు “పోనియ్యి, పోనియ్యి” అని మొదలిడుదురు. ఇది తలక్రిందుల పాఠము. ముందుగా ఆపుట నేర్వవలెను. ఈ ఒక్క మాట పట్టుబడినచో బెదురు సగము తీరును. మండలములో నలుబది యేండ్లు దాటిన ఒక రైతు స్త్రీకి మొదట తమ్ముడు నేర్పెను. గట్టుమీద నిలిచి ఒక్కొక్క తప్పునకు ఒక్కొక్క కేక వేయగా ఆమెకు కాలు ఏది, చెయ్యి ఏది తెలియక, మూడవనాడే మానుకొనెను. పిదప ఒక ముసలి డ్రైవరు పూనుకొని, రెండు దినములు ఆమెచేత ఆపుట తప్ప వేరొకటి చేయింపలేదు. పది గజములు పోవుట, ఆపుట. మరల పది గజములు. మూడవనాడు ఆమెయే “ఇంక దున్నుదమా, బాబాయ్?” అని అడిగినదట.

ఇంజను వేయకమునుపు ఒక పూట సీటులో కూర్చుండుడు. ఎడమ కాలి క్రింద క్లచ్చి, కుడి కాలి క్రింద జంట బ్రేకులు. చేతి ఎక్సిలేటరు, గేరు కఱ్ఱ, హైడ్రాలిక్కు లీవరు ఎక్కడున్నవో చూచుకొనుడు. పాత బండ్లు పెక్కింటిలో తాళము త్రిప్పినంత మాత్రమున ఇంజను ఆగదు. ఆపుటకు లాగు పిడి వేరుగా నుండును. కన్నులు మూసికొని ఆ పిడిని పట్టుకొనగలిగినపుడే ఇంజను వేయుడు.

తరువాత లో గేరులో మొదటిది వేసి, ఎక్సిలేటరు పెంచకుండ, క్లచ్చిని మెల్లగా వదలుడు. డీజిలు ఇంజనులోని గవర్నరు తానే నూనెను సరిచూచుకొనును. చదునైన నేలమీద బరువు లేని బండి మనిషి నడకకన్న మెల్లగా కదలును. క్రొత్తవారికి ఇది పెద్ద ఊరట. ఆపుటకు క్లచ్చి, బ్రేకు కలిపి త్రొక్కుడు. ఇంజను ఆగిపోయినచో ఆగిపోనిండు. దానివలన పొలమునకు నష్టము లేదు, మీకు చిన్నతనము లేదు.

చూపు సంగతి వేరుగా చెప్పవలెను. బెదరువాడు ముందు చక్రమునే చూచును. అందుచేత బండి వంకరపోవును. వంకరపోయినదని ఇంకను బెదరును. పొలము చివర ఒక కఱ్ఱ పాతి, దానిపై చూపు నిలిపి నడుపుడు. సాలు తానే తిన్నగా వచ్చును.

నేర్పువాడు మడ్గార్డు మీదను, వెనుక డ్రాబారు మీదను ఎక్కరాదు. జారినచో వెనుక చక్రము క్రిందనే పడును. మీకు కనబడునట్లు పక్కగా దూరమున నిలిచి, చేయెత్తినపుడు ఆపవలెనను గురుతు ఒక్కటి పెట్టుకొన్న చాలును. దినమునకు అరగంట చాలును. ఒక దినమున ఒక క్రొత్త పనియే. గొర్రు తగిలించిననాడు క్రొత్త పొలమునకు పోవలదు, క్రొత్త పొలమునకు పోయిననాడు ట్రక్కు తగిలింపవలదు. ట్రక్కుతో వెనుకకు పోవుట అందరిని ఏడిపించునది. దానికొక ఉపాయము కలదు. స్టీరింగు అడుగుభాగమున చేయి వేసి, ట్రక్కు ఏ వైపునకు పోవలెనో ఆ వైపునకే చేతిని జరుపుడు. మెల్లగా చేసిన వారమునకు పట్టుబడును.

భయపడవలసిన చోట్లు నిజముగా కొన్ని కలవు. అక్కడ బెదురు పోగొట్టుకొనవలదు. నల్లరేగడిలో వెనుక చక్రములు కూరుకొనినపుడు ఎక్సిలేటరు పెంచి క్లచ్చిని ఒక్కుమ్మడి వదలినచో చక్రము తిరుగలేక బండియే ముందు లేచి వెనుకకు తిరుగబడును. దూకుటకు కూడ వ్యవధి యుండదు. చక్రములకు అడ్డముగా దుంగ కట్టి లేపుట ఇంకను ప్రమాదము. వెనుక గేరు వేసి వచ్చినదారిన రాజూడుడు. రానిచో దిగి మట్టి త్రవ్వుడు, లేదా వేరొక బండిని పిలువుడు. లాగునపుడు గొలుసును డ్రాబారుకే తగిలింపవలెను గాని పైభాగమున తగిలింపరాదు.

రెండవది జంట బ్రేకులు. పొలములో మలుపునకు ఒక్క బ్రేకే త్రొక్కుదుము. రోడ్డెక్కు ముందు రెండు పెడళ్లను కలుపు గొళ్లెము తప్పక వేయవలెను. అది మరచి వేగములో ఒక్కటి త్రొక్కినచో బండి గిఱ్ఱున తిరిగి బోల్తాపడును. వంతెన దిగునపుడు క్లచ్చి త్రొక్కి జారవిడుచుటయు ఇట్టిదే, గేరులోనే దింపుడు.

రోడ్డుమీద చట్టము మాట కలదు. 1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము 7,500 కిలోలు మించని ట్రాక్టరు తేలిక మోటారు వాహనముల తరగతిలోనిది. పదునెనిమిది యేండ్లు నిండినవారికి లెర్నరు లైసెన్సు ఇత్తురు. అది ఆరు మాసములు చెల్లును. ముప్పది దినములు గడచిన పిదపనే పరీక్షకు పోవచ్చును. తెల్లని పలకపై ఎఱ్ఱని ‘ఎల్’ అక్షరము ముందు వెనుక ఉండవలెను. లైసెన్సు గల శిక్షకుడు బండిని ఆపగలిగిన చోట కూర్చుండవలెను. ట్రాక్టరుపై అట్టి చోటు లేదు. అందుచేత నా సలహా యేమనగా, బండి పొలములోనే అలవాటు చేసికొని, రోడ్డు అలవాటును మాత్రము డ్రైవింగు స్కూలు కారులో నేర్చి లైసెన్సు పొందుడు. ఇది చుట్టుదారివలె తోచును గాని భార్య, తమ్ముడు, మేనల్లుడు అందరును ఆ దారినే నేర్వవచ్చును. క్రమముగా నేర్వదలచిన యువకులకు అనంతపురము జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ కలదు.

లైసెన్సు వచ్చిన మరునాడే ఇరుగుపొరుగువారు ఒకటి అడుగుదురు: “మిరప కోతకు కూలీలను ట్రక్కులో దింపి రావయ్యా.” ఒప్పుకొనవలదు. సరుకు ట్రక్కులో మనుష్యుల నెక్కించుటకు చట్టము ఒప్పదు. 2020 మే 14న ప్రకాశము జిల్లా నాగులుప్పలపాడు మండలము రాపర్ల వద్ద మిరప పనినుండి తిరిగివచ్చు కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభమునకు తగిలి పలువురు మరణించిరి. వారిలో ఎక్కువమంది స్త్రీలు. అంతకు రెండేండ్ల ముందు, 2018 ఏప్రిలులో, నల్లగొండ జిల్లా వద్దిపట్ల వద్ద మిరప కోతకు పోవు స్త్రీల ట్రాక్టరు కాలువలో పడినది. అడిగినవారికి ఆటో పిలిపించి, దాని బాడుగలో కొంత మీరిచ్చుకొన్నను నష్టము లేదు.

మొదటి రోడ్డు ప్రయాణము ఖాళీ ట్రక్కుతో, తెల్లవారిన తరువాత, పాఠశాల బస్సులు బయలుదేరకముందు చేయుడు. ట్రక్కు వెనుక ఎఱ్ఱని రిఫ్లెక్టరు బిళ్లలు రెండు వైపుల నున్నవో లేవో చూచికొనుడు. మిరప బస్తాలు ఎత్తునది రెండవ వారమునకు ఉంచుకొనుడు.