చేతికందని వాటాల లెక్క

మా అమ్మాయి అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరినప్పుడు కంపెనీ 400 షేర్లు ఇస్తోందని చెప్పింది. అప్పటి ధర 100 డాలర్లు. 40,000 డాలర్లు వచ్చేసినట్టే అనుకుని, ఇరుగుపొరుగుకి గొప్పగా చెప్పేశాను కూడా. రెండేళ్లు తిరిగేసరికి ''ఆరోగ్యం పాడవుతోందమ్మా, మానేస్తా'' అంది. ''షేర్లున్నాయిగా, భయమెందుకు?'' అన్నాను. ''సగం ఇంకా నావి కావమ్మా'' అంది.

అప్పుడుగానీ నాకు అసలు సంగతి తెలియలేదు. ఆ షేర్లు ఏటా 100 చొప్పున నాలుగేళ్లలో సొంతమవుతాయట. మధ్యలో మానేస్తే మిగతావి పోయినట్టే. కంపెనీ కూడా ఏటా 10,000 చొప్పునే ఖర్చు రాస్తుంది. రెండేళ్లకు మిగిలిన 20,000 'ఇంకా గుర్తించని ఖర్చు'. వార్షిక నివేదికలో చివరనుండే వివరణల్లో ఇలాంటివన్నీ కలిపి చూపిస్తారు.

మా ఇంట్లోనూ ఇలాంటి లెక్కే ఉంది. ఏడాదంతా చేస్తే సంక్రాంతికి 1,200 రూపాయల చీర పెడతానని పనమ్మాయికి మాటిచ్చాను. డబ్బు చేతి నుంచి కదలలేదు కనుక పద్దు రాయలేదు. కానీ నెలకు 100 చొప్పున ఆమె సంపాదించుకుంటూనే ఉంది కదా!

అమెరికాలో పెద్దపెద్ద కంపెనీలూ ఇలాగే చేశాయి. తర్వాతెప్పుడైనా ఇప్పటి ధరకే షేర్లు కొనుక్కునే హక్కును ఉద్యోగులకిచ్చి, దాన్ని ఖర్చుగా రాసేవి కావు. రాయాలని అక్కడి అకౌంటింగ్ ప్రమాణాల బోర్డు ప్రతిపాదిస్తే, 1994లో సెనేట్ 88–9 ఓట్లతో అభ్యంతరం తెలిపింది. దాంతో 1995లో వివరణల్లో చూపినా చాలన్నారు. 2001లో ఎన్‌రాన్ కూలాక లెక్కల మీద జనానికి నమ్మకం సడలింది. చివరికి 2004లో ఖర్చు రాయడం తప్పనిసరి చేస్తూ నిబంధన తెచ్చారు. మన దేశంలో 2016 నుంచి పెద్ద కంపెనీలకు ఇలాంటి నియమమే దశలవారీగా వచ్చింది.

ఇప్పటికీ కొన్ని కంపెనీలు ఈ ఖర్చు తీసేసి 'సర్దుబాటు లాభం' అని వేరే అంకె చెబుతుంటాయి. షేర్లు కొనే అక్కచెల్లెళ్లు ఆ అంకె చూసి మురిసిపోకండి. పెళ్లి సంబంధాల్లో షేర్లు కలిపి జీతం చెబితే, చేతికొచ్చినవెన్నో అడగండి.

మా అమ్మాయి మానేసింది. 200 షేర్లు పోయాయి. ఆ 20,000 కంపెనీ ఇక ఖర్చు రాయక్కర్లేదు. పిల్ల కంటినిండా నిద్రపోతోంది, మాకదే చాలు.

మొన్న మా పనమ్మాయీ ఊరెళ్లిపోతానంది. పది నెలలు చేసింది. ''ఏడాది నిండలేదుగా'' అనబోయి ఆగాను. 1,000 రూపాయలు చేతిలో పెట్టాను. కంపెనీల షరతులు మన గుమ్మం లోపలికెందుకు? ఏమంటారు?