దూరదేశపు చదువు, దగ్గరి కొండ

పై చదువులకు పరదేశం వెళ్ళే కుర్రవాడికి పెద్దలు, “చదువుతో పాటు అక్కడి ఆటా పాటా కూడా చూసి రా నాయనా!” అని చెబుతారు. మంచి మాటే. కాని, మన పక్క కొండ మీది ఆటా పాటా ఎప్పుడైనా చూశావా అని అడిగేవారు తక్కువ.

భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ ఆయన అమెరికా వెళ్ళారు. భాషాశాస్త్రం చదివి 1957లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం డాక్టరేటు పుచ్చుకున్నారు. అక్కడ నేర్చిన విద్యను ఎక్కడ ప్రయోగించారనుకున్నారు? మన అరకు కొండల్లో! కొండదొరల నోట కథలు విని రాసుకున్నారు. వాటికి వ్యాకరణమూ, పదకోశమూ జతచేసి 1969లో గ్రంథంగా వెలువరించారు. ఆ ‘కూబి’ భాషలో ఒక విశేషముంది. మనం పలకడం ఏనాడో మరచిపోయిన ‘ఱ’కూ, మామూలు ‘ర’కూ ఉన్న తేడా వాళ్ళ నాలుక మీద చెక్కుచెదరలేదు.

సాలూరికి దగ్గరలో, కొండల అంచున ఉన్న పాచిపెంట కూడా కొండదొరల సీమే. వారిలో ఇప్పుడు ఎందరో ఇంట్లోనూ తెలుగే మాట్లాడుతున్నారు. మాట పోతే దానితో కథా పోతుంది.

ఈ కొండల్లో థింసా మాత్రం ఇంకా నిలిచి ఉంది. తుడుమూ, డప్పూ, మోరీ మోగగానే ఆడవాళ్ళు ఒకరి వీపు వెనుకగా ఒకరు చేతులు కలిపి, ఒక్క వరుసగా అడుగు వేస్తారు. ఆకులు ఏరడానికి ఒక అడుగు, పులి బారినుంచి తప్పుకోవడానికి మరొకటి!

పెన్సిల్వేనియా అయినా పాచిపెంట అయినా పద్ధతి ఒకటే. దూరాన కుర్చీ వేసుకు కూర్చుంటే అది తమాషాగానే మిగులుతుంది. వారు రమ్మన్నప్పుడు వరుసలో చేరి నాలుగు తప్పటడుగులు వేసినవాడికే అది చదువవుతుంది.