సింధు ఓడింది, జట్టు గెలిచింది

కాకినాడ, గుంటూరు వైపు హాస్టళ్ళలో చదువుకున్న మన సభ్యులకి నేను చెప్పక్కర్లేదు. మనవైపు బాడ్మింటన్ అంటే రెండు రకాలు. ఒకటి ఉన్ని బంతితో ఆడే బాల్ బాడ్మింటన్. జట్టుకి అయిదుగురు, మట్టి నేల, చుట్టూ కేకలు వేసే జనం. రెండోది షటిల్. మొదటి దాంట్లో ఎవడి వల్ల ఓడామో తేల్చడానికి రాత్రి భోజనాల దాకా వాదన సాగేది. షటిల్ సింగిల్స్‌లో ఆ గొడవే లేదు. ఓడినవాడు ఎదురుగానే నిలబడి వుంటాడు.

ఈ సంగతి ఎందుకెత్తానంటే, 2024 ఫిబ్రవరి 17, శనివారం పొద్దున్న మా పదేళ్ళ అమ్మాయి క్లేటన్‌లో తన క్లబ్బు పిల్లల జట్టు తరఫున షటిల్ ఆడింది. నేను రాత్రి డ్యూటీ ముగించుకుని, ఆట అయిపోయే వేళకి చేరాను. "నాన్నా, మేం గెలిచాం!" అంటూ ఎగురుకుంటూ వచ్చింది. "అది సరే, నీ స్కోరెంత?" అన్నాను. తను ఆడిన రెండూ ఓడిపోయిందిట. ఇల్లు చేరేదాకా కారులో ఏమేం చెప్పానో రాయాలంటే సిగ్గుగా వుంది. ఏకాగ్రత, క్రమశిక్షణ, చివరికి నా ఎంసెట్ ర్యాంకు కూడా వచ్చింది. పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఆ వారమంతా మలేషియాలోని షా ఆలంలో ఆసియా జట్ల పోటీలు జరుగుతున్నాయి. తెలియని వారికోసం రెండు ముక్కలు. ఆసియా బాడ్మింటన్ పోటీలు 1962లో కౌలాలంపూర్‌లో మొదలయ్యాయి. 1965లో లక్నోలో దినేశ్ ఖన్నా పురుషుల సింగిల్స్ గెలిచాడు. ఆ తర్వాత వ్యక్తిగత విభాగాల్లో మనకి మళ్ళీ స్వర్ణం రావడానికి 58 ఏళ్ళు పట్టింది. 2023లో దుబాయిలో మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్, ముంబయి కుర్రాడు చిరాగ్ శెట్టితో కలిసి డబుల్స్ నెగ్గాడు. మొదటి గేము పోగొట్టుకుని, మూడో గేము 21-19తో బయటపడ్డారు. జట్ల పోటీలు ఇప్పుడు విడిగా జరుగుతున్నాయి. 2016లో మన హైదరాబాదు గచ్చిబౌలిలోనే జరిగాయి. మూడు సింగిల్సు, రెండు డబుల్సు. అయిదింట్లో మూడు నెగ్గినవాళ్ళది గెలుపు.

సింధు సంగతి చూడండి. ఒలింపిక్ పతకాలు రెండు, 2019లో ప్రపంచ ఛాంపియన్. అంతటి మనిషికి ఆసియా వ్యక్తిగత పోటీల్లో దక్కినవి 2014లో ఒకటి, 2022లో ఒకటి, రెండూ కాంస్యాలే. ఆ ఫిబ్రవరిలో మోకాలి గాయం నుంచి కోలుకుని కొన్ని నెలల తర్వాత మళ్ళీ కోర్టులోకి దిగింది. మోకాలు మానడం వేరు, దాన్ని నమ్మి కాలు మోపడం వేరు. మా వృత్తిలో రోజూ చూసేదే.

ఆ సాయంత్రం జపానుతో సెమీఫైనల్. మొదటి ఆట సింధు, అయా ఒహోరి చేతిలో ఓడిపోయింది. గోపీచంద్ కూతురు గాయత్రి, త్రిసా జాలీతో కలిసి డబుల్స్ నెగ్గుకొచ్చింది. మాజీ ప్రపంచ ఛాంపియన్ ఒకుహారాని అష్మితా చాలిహా ఓడించింది. రెండో డబుల్స్‌లో అశ్వినీ పొన్నప్పకి తోడుగా సింధు మళ్ళీ దిగింది. మళ్ళీ ఓటమే. రెండూ రెండు. ఆఖరి ఆటకి వచ్చింది అన్మోల్ ఖర్బ్ అనే పదిహేడేళ్ళ హర్యానా పిల్ల. ప్రపంచ ర్యాంకు 472! గ్రూపు దశలో చైనా మీద కూడా ఇలాగే రెండు రెండు దగ్గర దిగి గెలిపించింది. జపాను మీదా గెలిపించింది, 21-14, 21-18.

నేను సోఫాలోంచి లేచి గంతులేశాను. మా అమ్మాయి నెమ్మదిగా అడిగింది: "సింధు రెండూ ఓడిపోయింది కదా నాన్నా. వాళ్ళ నాన్న కూడా కారులో తిడతాడా?"

మా ఆవిడ వంటింట్లోంచి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

సింధు తండ్రి రమణగారు వాలీబాల్ ఆటగాడు. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టులో వున్నారు. జట్టు ఆట ఆడిన మనిషికి ఆ ప్రశ్న ఎదురయ్యేది కాదేమో. మరి నేనూ ఒంటరిగా ఏం నెగ్గాను? ఇక్కడికొచ్చిన కొత్తలో నలుగురం డాక్టర్లం క్లేటన్‌లో ఒకే యూనిట్‌లో వుంటూ ఏ.ఎం.సి. పరీక్షకి చదివాం. క్లినికల్ పరీక్షకని ఒకడు రోగి, ఒకడు డాక్టరు, ఒకడు పరీక్షకుడు, నాలుగోవాడు టీ కాచేవాడు. మొదటిసారి తప్పింది నేనొక్కణ్ణే. ఉద్యోగాలొచ్చిన ముగ్గురూ అయిదు నెలలు నా వాటా అద్దె కట్టారు. డ్యూటీ దిగి వచ్చి, నిద్రకళ్ళతో నాకోసం రోగుల్లా మూలిగారు. రెండోసారి నేను పాసైతే వాళ్ళు ఎగిరిన ఎగురు నాకింకా గుర్తే. ఈ కథ మా అమ్మాయికి ఎన్నడూ చెప్పలేదు. ఎంసెట్ ర్యాంకు మాత్రం బోలెడుసార్లు చెప్పాను.

ఆ రాత్రి చెప్పాను. "అయితే నువ్వు ఫెయిలయ్యావా?" అని కళ్ళు ఇంతింత చేసింది. మిగతా కథ ఆమెకి పట్టలేదు.

ఆదివారం ఫైనల్ థాయిలాండుతో. సింధు 21-12, 21-12తో నెగ్గింది. మళ్ళీ రెండు రెండు, మళ్ళీ అన్మోల్, 21-14, 21-9. ఆ పోటీల్లో మన దేశానికి అదే మొదటి స్వర్ణం. మా ఇంట్లో చూసింది నేనొక్కణ్ణే. ఆస్ట్రేలియా ఆడేది ఆసియాలో కాదు, ఓషియానియాలో. ఆ ఖండపు పోటీలు, వ్యక్తిగతం, జట్లు కూడా, అదే నెలలో మనకి గంటన్నర దూరంలోని గీలాంగ్‌లోనే జరిగాయి. మా అమ్మాయి మనసంతా అక్కడే. ఇక్కడి మగవాళ్ళ జట్టు, ఆడవాళ్ళ జట్టు రెండూ తర్వాత థామస్, ఊబర్ కప్పులకి చైనాలోని చెంగ్డూ వెళ్ళాయి. ఊబర్ కప్పులో భారత్, ఆస్ట్రేలియా ఒకే గ్రూపులో పడలేదు. మా ఇంటి ప్రశాంతతకి అది మంచిదే అయింది.

మరుసటి శనివారం మళ్ళీ ఆట. ఈసారి ముందే వెళ్ళాలనుకున్నాను గానీ, ఆస్పత్రిలో ఆలస్యమైంది. పిల్లలు అప్పటికే బాట్లు సర్దుకుంటున్నారు. అడగాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, "మీ జట్టు స్కోరెంతమ్మా?" అన్నాను.

"నాలుగు, రెండు. మేమే," అంది. కాసేపు నా మొహంకేసి చూసి, "నేను రెండూ నెగ్గాను. అది అడగవేం?" అంది.