మందు మాన్పించి మళ్ల ఫుట్‌పాత్ మీదికేనా?

మందు మానాలని ఎర్రగడ్డ మానసిక దవాఖానకు వచ్చిన ఒక అడ్డా కూలీని అనుకుందాం. ఊరు ఇడిసి ఏండ్లయింది. ఇంటోళ్లు ఎప్పుడో ఆశ వదులుకున్నరు. పని దొరికితే లేబర్ అడ్డా, దొరక్కుంటే కల్లు కాంపౌండ్, రాత్రయితే మెట్రో పిల్లర్ కింద నిద్ర. దవాఖానల చేరినంక చేతులు వణికినయ్, నిద్ర పట్టలేదు, లేనివి కండ్ల ముందట కనిపించినయ్. రెండు వారాలల్ల డాక్టర్లు ఆ గండం దాటించిన్రు. గోలీలు చేతిల పెట్టి డిశ్చార్జ్ చేసిన్రు. మరి గేటు దాటినంక ఎటు పోవాలె? ఆయనకు ఎరుకైన జాగ ఆ పిల్లరే. ఎరుకైన మనుషులు దాని కింద సీసా పట్టుకొని కూసున్నోళ్లే.

నెల తిరగకముందే మళ్ల తాగితే ‘వీనికి బుద్ధి రాదు’ అంటం. కానీ ఫెయిలయింది ఆ మనిషా, లేక మనం చేసిన ఇంతజామా? ఇది ఆలోచించాల్సిన సంగతి.

గండం వేరు, అలవాటు వేరు

తాగుడు ఒక్కసారిగా ఆపితే వచ్చే వణుకు, ఫిట్స్, కలవరింతలు చాలావరకు మొదటి వారంలనే ఉంటయ్. ప్రాణం మీదికి వచ్చేది అప్పుడే. దానికి దవాఖాన కావాలె. కానీ తాగాలన్న యావ అంత తొందరగా పోదు. నెలలకొద్దీ, కొందరికి ఏండ్లకొద్దీ ఉంటది. తాగిన జాగ, తాగిన దోస్తులు, ఖాళీ కడుపు, నిద్ర లేని రాత్రి... వీటిల ఏదైనా దాన్ని మళ్ల లేపుతది. ఫుట్‌పాత్ మీద ఇవన్నీ ఒక్కకాడనే ఉంటయ్. గోలీలు పెట్టుకునేతందుకు అల్మారా ఉండదు. పడుకుంటే చెప్పులు పోతయ్, ఫోన్ పోతది, ఆధార్ కార్డు పోతది. సలి, దోమలు, భయం మర్సిపోయేతందుకు చేతికి అందే మందు సారానే.

మన రాష్ట్రంల దీనికి కల్తీ కల్లు తోడైంది. అల్ప్రాజోలం లాంటి మత్తు మందు కలిపిన కల్లుకు అలవాటు పడ్డోళ్లు ఒక్కసారిగా ఆపితే ఎట్లయితదో 2020 లాక్‌డౌన్‌ల కండ్లార చూసినం. దుకాణాలు, కాంపౌండ్లు బందైన కొన్ని రోజులకే ఎర్రగడ్డ దవాఖాన ముందట క్యూలు కట్టిన్రు.

దేశం మొత్తం మీద లెక్క ఇంకా పెద్దది. కేంద్రం ఎయిమ్స్‌తోని చేయించి 2019ల బయటపెట్టిన సర్వే ప్రకారం తాగుడు వల్ల సాయం అవసరమైనోళ్లు దాదాపు 5.7 కోట్ల మంది. తాగుడుకు బానిసైన 38 మందిల ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందుతున్నదని అదే సర్వే చెప్పింది. ఆ ఒక్కరికి కూడా దవాఖాన తర్వాత ఇల్లు లేకుంటే, పెట్టిన ఖర్చంతా బూడిదల పోసినట్టే.

షెల్టర్ ఇల్లు కాదు

‘నైట్ షెల్టర్లు ఉన్నయ్ గదా’ అనొచ్చు. పెద్ద పట్నాలల్ల లక్ష జనాభాకు ఒకటి చొప్పున, ఏడాది పొడుగునా నడిచే షెల్టర్లు పెట్టాలని 2010ల సుప్రీంకోర్టు చెప్పింది. సర్కారు రూల్స్ ప్రకారం షెల్టర్‌ల మనిషికి కనీసం 50 చదరపు అడుగుల జాగ ఉండాలె. సలిల, వానల పానం కాపాడేతందుకు అవి కావాల్సిందే. కానీ హాల్‌ల చాప పరుచుకొని పండేది ఇల్లు ఎట్లయితది? తాళం చెవి మన చేతిల ఉండదు. పక్కన ఎవరు పండుతరో తెల్వదు. తాగి వస్తే చాలా చోట్ల లోపలికి రానియ్యరు. సాయం ఎక్కువ అవసరమైన రాత్రే తలుపు మూసుకుంటది.

దీనికి ప్రపంచంల రెండు తొవ్వలు కనిపిస్తున్నయ్. ఒకటి అమెరికాల 1975ల మొదలైన ఆక్స్‌ఫర్డ్ హౌస్. మందు, డ్రగ్స్ మానినోళ్లు కలిసి మామూలు గల్లీల ఒక ఇల్లు కిరాయికి తీసుకుంటరు. వార్డెన్ ఉండడు. ఖర్చులు పంచుకుంటరు, ఓట్లేసి నిర్ణయాలు తీసుకుంటరు. మళ్ల తాగితే బయటికి పోవాల్సిందే. ఇన్ని నెలలే ఉండాలన్న గడువు మాత్రం లేదు. అక్కడి ఇల్లినాయ్ రాష్ట్రంల 150 మంది మీద చేసిన అధ్యయనంల రెండేండ్ల తర్వాత ఆ ఇండ్లకు పంపినోళ్లల్ల 31 శాతం మందే మళ్ల వాడుతున్నరు. మామూలుగా డిశ్చార్జ్ అయినోళ్లల్ల అది 65 శాతం.

రెండోది ‘ముందు ఇల్లు’ పద్ధతి. 1992ల న్యూయార్క్‌ల సామ్ సెంబెరిస్ దీన్ని మొదలుపెట్టిన్రు. మందు మానితేనే ఇల్లు అనరు. ముందు తాళం చెవి ఇస్తరు, తర్వాత డాక్టర్, కౌన్సెలర్ ఇంటికే వస్తరు. మళ్ల తాగినంత మాత్రాన ఖాళీ చేయించరు. ఫిన్లాండ్ 2008ల దీన్ని దేశమంతటి పాలసీగా తీసుకున్నది. హెల్సింకిల సాల్వేషన్ ఆర్మీ నడిపే 250 పడకల షెల్టర్‌ను దాదాపు 80 చిన్న ఫ్లాట్లుగా మార్చిన్రు. 2008ల 8 వేల దాకా ఉన్న ఇల్లు లేనోళ్లు 2022 నాటికి 4 వేల లోపుకు తగ్గిన్రు.

ఒక్క మాట ఉన్నదున్నట్టు చెప్పుకోవాలె. ‘ముందు ఇల్లు’ పద్ధతి మనిషిని ఇంట్ల నిలబెడతది గానీ, దాంతోనే తాగుడు మానుతరని చాలా అధ్యయనాలల్ల తేలలేదు. ఇటు ఆక్స్‌ఫర్డ్ తీరు ఇల్లు, మానాలని గట్టిగ నిర్ణయించుకొని ఎంతో కొంత సంపాదించుకునేటోళ్లకే సరిపోతది. అందుకే రెండూ కావాలె. ఒక ఇంట్ల నిలబడలేనోడికి రోడ్డు కాకుంట ఇంకో ఇల్లు దిక్కు కావాలె.

చట్టం ఉంది, ఇండ్లు ఏవి?

‘మన దేశంల ఇయ్యన్నీ అయితయా?’ అనేటోళ్లు చెన్నై చూడాలె. 1993ల మొదలైన ద బాన్యన్ సంస్థ 2015 నుంచి ‘హోమ్ అగెయిన్’ నడుపుతున్నది. మానసిక జబ్బుతోని ఏండ్లకొద్దీ దవాఖానలల్ల ఉన్నోళ్లను నలుగురైదుగురిని కలిపి మామూలు బస్తీల కిరాయి ఇంట్ల ఉంచుతది. తోడుకు ఒక మనిషి ఉంటరు. వంట, మార్కెట్, పని, పండుగ అన్నీ ఇరుగుపొరుగుతోనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021ల దీన్ని మంచి నమూనాగా చూపించింది. ఇది తాగుడు మానినోళ్ల కోసం పెట్టింది కాదు, కానీ కిరాయి ఇల్లు, నలుగురు మనుషులు, ఒక తోడు అన్న లెక్క వాళ్లకు గూడ పనికొస్తది.

2017 మానసిక ఆరోగ్య చట్టం కూడా ఇదే చెప్తున్నది. మందు, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక సమస్యలు ఈ చట్టం కిందికే వస్తయ్. 18వ సెక్షన్ ప్రకారం హాఫ్‌వే హోమ్, తోడుతోని ఉండే ఇల్లు సర్కారు అందించాల్సిన సేవలల్ల భాగం. పేదలకు, ఇల్లు లేనోళ్లకు వైద్యం ఉచితం. అంటే మనం అడిగేది దయ కాదు, చట్టంల రాసిపెట్టిన హక్కు.

‘కష్టపడేటోళ్లకే ఇల్లు లేదు, తాగెటోళ్లకు ఇస్తరా?’ అన్న కోపం న్యాయమైందే. కష్టపడేటోళ్లకు ఇల్లు రావాల్సిందే. కానీ ఇది పట్టా చేసిచ్చే ఇల్లు కాదు, కోలుకునేదాంక ఉండే ఇల్లు. కూలీకి పోయినంక వాళ్లు గూడ కిరాయిల వాటా కడతరు. ఇల్లు లేకుంటే ఆ మనిషి మళ్ల అంబులెన్స్‌ల, పోలీస్ స్టేషన్ల, ఎమర్జెన్సీ వార్డుల తిరుగుతడు. ఆ ఖర్చు కూడా మనదే.

మందు మీద వచ్చే ఆమ్దానీ సర్కారు ఖజానాకు పెద్ద దిక్కు. దాంట్ల కొంత ఈ ఇండ్లకు పక్కన పెట్టాలె. మొదలు ఎర్రగడ్డ చుట్టుపక్కల కొన్ని కిరాయి ఇండ్లు తీసుకున్నా సాలు. ఆడోళ్లకు వేరే ఇండ్లు కావాలె. డిశ్చార్జ్ కాయితం రాసేటప్పుడు గోలీల పేర్లతోపాటు ‘ఈ రాత్రి ఎక్కడ పండుతవు?’ అని డాక్టర్ అడగాలె. జవాబు లేకుంటే, చెప్పేతందుకు ఒక అడ్రస్ ఆ దవాఖాన కాడ ఉండాలె.